మిర్చి టిక్కీల మీద ఉన్ని సాక్సులు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడు మార్చి నెలలో, చిలకలూరిపేట దాటాక హైవే పక్కన ఉన్న ఒక నూలు మిల్లులో నేను నాణ్యతా విభాగం మేనేజరుగా ఉండగా, ఉన్ని సాక్సుల మన్నికను పరీక్షించే పని నాకు అప్పగించారు. బయట ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతున్న రోజులు. మంచుకొండల్లో నడిచేవాళ్ల సాక్సులు మా దగ్గరకు ఎలా వచ్చాయో ముందుగా చెప్పాలి.

మాది పత్తి మిల్లు. చుట్టుపక్కల పండిన పత్తిని నూలు వడికి అమ్మడం దాని పని. నూలు ధర పడిపోయిన ఒక సంవత్సరం యాజమాన్యం వెనక ఖాళీగా ఉన్న షెడ్డులో సాక్సులు అల్లే యంత్రాలు పెట్టింది. మొదట్లో బడిపిల్లల తెల్ల సాక్సులు అల్లాం. తర్వాత, కొండల్లో కాలినడకన తిరిగేవాళ్లకు సరంజామా అమ్మే ఒక విదేశీ కంపెనీ మెరినో ఉన్ని నూలు పంపి, నమూనా కింద కొంత సరుకు అల్లి ఇమ్మంది. నమూనా నెగ్గితే పెద్ద ఆర్డరు.

మెరినో అనేది ఆస్ట్రేలియా వైపు ఎక్కువగా పెంచే ఒక జాతి గొర్రె. మన కంబళి ఉన్నితో పోలిస్తే దీని పోగు చాలా సన్నం. అందుకే ఒంటికి గుచ్చుకోదు. చెమటను పీల్చుకుంటుంది, త్వరగా వాసన పట్టదు. లోపం కూడా ఆ సన్నదనంలోనే ఉంది, రాపిడికి ఆగదు. అందుకని మడమ దగ్గర, వేళ్ల దగ్గర నైలాన్ పోగును జతచేసి అల్లుతారు. ఎంత నైలాన్ కలపాలన్నది ఈ వృత్తిలో సగం తగాదా. ఎక్కువైతే కొనేవాడు ఇది ఉన్ని కాదంటాడు, తక్కువైతే చిరిగిందంటాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఈ కథ దాని చుట్టూనే తిరుగుతుంది. యంత్రం మీద నుంచి దిగిన సాక్సుకు వేళ్ల దగ్గర నోరు తెరిచే ఉంటుంది. దాన్ని మామూలు కుట్టుతో మూస్తే లోపల ఒక గట్టు మిగులుతుంది. బడికి వెళ్లే పిల్లవాడికి ఆ గట్టు తెలియదు. బరువు మోసుకుంటూ రోజంతా నడిచేవాడికి సాయంత్రానికి వేళ్ల మీద బొబ్బలు లేస్తాయి. అందుకని ఖరీదైన సాక్సులకు లింకింగ్ చేస్తారు. గుండ్రటి పళ్లెం అంచున వరసగా సూదులుంటాయి. సాక్సు నోటి అంచున ఉన్న ఒక్కొక్క అల్లిక కన్నునూ ఒక్కొక్క సూదికి చేత్తో తొడిగి, ఆ తర్వాత గొలుసుకుట్టుతో కలుపుతారు. ఒక్క కన్ను తప్పినా అక్కడి నుంచి విడిపోతుంది. తప్పకపోతే కుట్టు ఎక్కడుందో వేలికి దొరకదు. ఆ కంపెనీ మమ్మల్ని ఎంచుకున్నది ఈ పని మా దగ్గర ఉందనే.

లింకింగ్ చేసేది పక్క ఊళ్ల ఆడవాళ్లు. వాళ్ల సూపర్‌వైజరు కరుణ. ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నడిపే మనిషి, మిగతా రోజులు విభాగాన్నీ అలాగే నడిపేది. వెనక వరసలో ఎవరి చెయ్యి నెమ్మదించినా తల తిప్పకుండానే పేరు పెట్టి పిలిచేది.

ప్రొడక్షన్ మేనేజరు శ్రీధర్. హోదాలో మేమిద్దరం సమానం, వయసులో అతను నాకంటే చాలా చిన్న. చురుకైనవాడు. నియమం ప్రకారం నాణ్యతా విభాగం ప్రొడక్షన్‌కు లోబడి ఉండదు. నేరుగా మేనేజింగ్ డైరెక్టరుకు జవాబు చెబుతుంది. సరుకు తయారుచేసినవాడే దాన్ని బాగుందనకూడదని ఆ ఏర్పాటు. నాకు ఆ ఏర్పాటు నచ్చేది. మా తాతగారు అక్కడికి దగ్గర్లోనే ఒక ఊరికి మునసబు. మా నాన్నగారి హయాంలో పొలాలు పోయాయి, తర్వాత ఇల్లు పోయింది, ఇంటి ముందు అరుగు రాళ్లు కూడా ఎవరో పట్టుకుపోయారు. నా వంతుకు వచ్చింది, చదవకుండా సంతకం పెట్టని అలవాటు ఒక్కటే.

కొనే కంపెనీ రెండు పరీక్షలు కోరింది. మొదటిది రాపిడి యంత్రం మీద. సాక్సు ముక్కను ఒక గరుకు గుడ్డకు ఆనించి, చిల్లు పడేదాకా తిప్పుతూ రుద్దుతారు. ఇది జరిగే గదిలో చలీ తేమా ఎప్పుడూ ఒకేలా ఉండాలన్నది ప్రమాణం. మిల్లు మొత్తంలో చల్లగా ఉండే గది అదొక్కటే కావడంతో వేసవిలో మా ప్రయోగశాల మీద అందరికీ శాస్త్రీయ ఆసక్తి పెరిగేది. ఆ పరీక్షలో సరుకు బాగానే నెగ్గింది.

రెండోది వాడక పరీక్ష. నిజంగా పనిచేసే మనుషులు, చల్లటి చోట, బూట్లలో తొడుక్కుని రోజంతా తిరగాలి. మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఒక జత ఇచ్చి చూశాం. మధ్యాహ్నానికే విప్పి చేతిలో పెట్టాడు. "నేను గేటు కాయాల్నా, కాళ్లు ఉడకబెట్టుకోవాల్నా సార్" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

అప్పుడు శ్రీధర్‌కు కోల్డ్ స్టోరేజీ తట్టింది. ఆలోచన మంచిదే, నేనూ ఒప్పుకున్నాను. మా ప్రాంతంలో మిరపకాయలు ఎండాక రైతులు వాటిని గోనెసంచుల్లో తొక్కి, ధర వచ్చేదాకా కోల్డ్ స్టోరేజీలో దాస్తారు. ఆ సంచిని టిక్కీ అంటారు. రంగు, ఘాటు పోకుండా లోపల ఎముకలు కొరికే చలి పెడతారు. గుంటూరు వైపు మార్చి నెలలో మనిషి వణికే చోటు అదే. టిక్కీలను మోసి, ఛాంబర్లలో పైకప్పుదాకా పేర్చే ముఠా కూలీలు రోజంతా ఆ చలిలోనే తిరుగుతారు. ఉన్ని సాక్సులకు ఇంతకంటే తగిన కాళ్లు దొరకవు.

ముఠాకు కొత్త బూట్లు కొన్నాం. సాక్సులు నేను ఎంచి ఇచ్చాను, శ్రీధర్ తీసుకెళ్లి పంచాడు. రోజూ బూట్లలో తొడుక్కోవాలని చెప్పాడు, వాళ్లు అలాగేనన్నారు. వారానికోసారి సాక్సులు మా దగ్గరకు తెప్పించి, ఉతికి, చూసి, తిరిగి పంపాలి.

మొదటి వారం అడుగు భాగం పల్చబడింది. రెండో వారం చిల్లులు పడ్డాయి. మూడో వారం వచ్చినవాటిని సాక్సులనడానికి పైభాగం మాత్రమే ఆధారం.

మేనేజింగ్ డైరెక్టరు గదిలో శ్రీధర్ ఒక సాక్సును పిడికిలికి తొడిగి చూపించాడు. రెండు వేళ్లు బయటికి వచ్చాయి. "వేళ్ల కిందనే పోయింది సార్. లింకింగ్ పక్కనే. రాపిడి యంత్రం మీద నూలు నెగ్గిందని ఇదిగో ఈ రామబ్రహ్మంగారే సంతకం పెట్టారు. నూలు మంచిదైతే తప్పు కుట్టుది" అన్నాడు. వేళ్లు మూసే యంత్రాల కొటేషను అతని దగ్గర అంతకు ముందు ఏడాది నుంచే ఉంది. అవి వస్తే లింకింగ్ విభాగంతో పని ఉండదు. డైరెక్టరు నా వైపు చూశారు. చూడకుండా చెప్పలేనన్నాను. వారం చివరికల్లా చెప్పమన్నారు. తప్పు లింకింగ్‌దే అయితే ఆ విభాగం ఎత్తేసి యంత్రాలు తెప్పిస్తామన్నారు.

ఈ మాట నేను మెట్లు దిగేలోపే షెడ్డుకు చేరింది. నేను ప్రయోగశాలకు వెళ్లేసరికి కరుణ అక్కడే నిలబడి ఉంది. చల్లదనం కోసం రాలేదని ముఖం చూస్తే తెలిసింది.

"మా కుట్టు విడిపోయిందంట గదా సార్."

"అలా అన్నది శ్రీధర్‌గారు. నేను ఇంకా చూడలేదు."

"చూడండి మరి. నేను ఉండి చూస్తా."

నియమం ప్రకారం పరీక్ష జరిగేటప్పుడు సంబంధిత విభాగం వాళ్లు అక్కడ ఉండకూడదు. ఆ మాటే చెప్పాను. తలుపు బయట నిలబడతానంది, అద్దంలోంచి కనిపిస్తుందంది. అద్దం గురించి నియమం ఏమీ లేదు.

భూతద్దం కింద లింకింగ్ కుట్టు వరస మొత్తం చూశాను. ఒక్క కన్ను కూడా జారలేదు. చిల్లు దాని కింద, అరికాలి ముందు భాగంలో మొదలై మడమ దాకా పోయింది. నాకు వింతగా తోచింది వేరే విషయం. బూటు లోపల అరిగిన ఉన్ని ముద్దకట్టి నున్నబడుతుంది, మడమ వెనక ముందుగా పోతుంది. ఇక్కడ మడమ వెనక కొత్తదానిలా ఉంది. అరికాలి పోగులు అరిగిపోలేదు, చీరుకుపోయాయి. వాటి మధ్య పసుపురంగు పీచు ఇరుక్కుని ఉంది. చిమటాతో లాగి చూశాను. జనపనార.

తలుపు తీసి, కుట్టు గట్టిగానే ఉందని కరుణకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. "మరి చిరిగింది ఎందుకు?" అంది. కోల్డ్ స్టోరేజీకి వెళ్లి చూస్తానన్నాను. "మాట పడింది మా మీద. నేనూ వస్తా" అంది. మర్నాడు పొద్దున మిల్లు వ్యానులో బయల్దేరాం.

కోల్డ్ స్టోరేజీ వరండా నిండా టిక్కీలు దిగుతున్నాయి. ఘాటుకు కరుణ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, నేను జేబురుమాలు పెట్టుకున్నాను. ఛాంబరు తలుపు మందంగా, బరువుగా ఉంటుంది. దాని ముందు నేను వంగి నా బూటు లేసు విప్పసాగాను. నన్నెవరూ విప్పమనలేదు. లోపల పంట ఉందని తెలుసు, చేతులు వాటంతటవే లేసు మీదికి పోయాయి. ఒక బూటు విప్పి గోడ పక్కన పెట్టబోతే అక్కడ చోటు లేదు. మేం కొనిచ్చిన బూట్లు వరసగా, జతకు జత, ముందు భాగం గోడవైపు తిప్పి పెట్టి ఉన్నాయి. అడుగున రోడ్డు దుమ్మే తప్ప గోనె పీచు ఒక్కటి కూడా లేదు.

కరుణ ఆ వరసను చూసింది, నా చేతిలో బూటును చూసింది. తన చెప్పులు కూడా విప్పింది.

లోపల ముఠా వాళ్లు టిక్కీల మీద టిక్కీలు ఎక్కుతూ, ఉన్ని సాక్సుల కాళ్లతో గోనె మీద బలంగా తన్నిపట్టి, బరువులు పైకి అందిస్తున్నారు. ముఠా మేస్త్రి కోటయ్య పైనుంచి నన్ను చూసి దిగాడు.

"మునసబుగారి మనవడు గదా మీరు. రండి రండి. సాక్సులు బ్రహ్మాండంగా ఉన్నయ్. కాలు జారట్లా."

బూట్లలో తొడుక్కోమని చెప్పలేదా అని అడిగాను.

"తొడుక్కుంటన్నాం గదా. ఇంటికాడ నుంచి తలుపు దాకా బూట్లతోనే వస్తన్నాం."

"లోపల కూడా వేసుకోవాలి, కోటయ్యా."

అతను నన్ను కాసేపు ఎగాదిగా చూశాడు. వెనక ఎవరో నవ్వారు.

"సరుకు మీద బూట్లేసుకుని ఎక్కమంటారా? తినే పంటండీ. మీ తాతగారి కొట్లో ధాన్యం మోసినోడు మా తాత. చెప్పులతో బస్తా మీద కాలు పెడితే మీ తాతగారు ఊరుకునేవోరా?"

"ఊరుకునేవారు కాదు" అన్నాను. అది నిజం.

"మరి మీరే ఇప్పేసొచ్చారు గదా" అని నా కాళ్ల వంక చూశాడు. "ఈయన ఇప్పి రావొచ్చు, మనం మాత్రం ఎయ్యాలంటరా" అని ముఠా వైపు తిరిగి అన్నాడు. వాళ్లందరూ నవ్వారు. నా పలచటి నూలు సాక్సుల్లోంచి నేల చల్లదనం మోకాళ్ల దాకా ఎక్కింది.

పరీక్ష ఎందుకు చెడిందో తెలిసింది. ఉన్ని చీరుకుపోయింది బూటు లోపల కాదు, గోనె మీద. ఆకురాయి మీద రుద్దినట్టే. డైరెక్టరుకు అదే చెప్పాను. ఇక తేలాల్సింది, ఈ విషయం కొనే కంపెనీకి ఎలా చెప్పాలన్నది.

శ్రీధర్ తన తప్పు వెంటనే ఒప్పుకున్నాడు, ఆ మాట చెప్పాలి. కాని అతని ఉపాయం వేరు. కొత్త సాక్సులు తీసుకుని రాపిడి యంత్రం మీద కొద్దిగా అరగదీసి, ఇవే ముఠా వాళ్లు వాడినవని పంపుదామన్నాడు. "వాడక పరీక్ష చెడిపోయిందని రాస్తే వాళ్లు నవ్వి ఇంకో రాష్ట్రానికి పోతారు. ఆర్డరు పోతే లింకింగ్ ఎవరికోసం? మీరు ఆ ఆడోళ్లను కాపాడుతున్నాననుకుంటున్నారు, ముంచుతున్నారు" అన్నాడు. అరగదీసిన వాటి మీద నేను సంతకం పెట్టనన్నాను. అయితే మీ ఇష్టమన్నాడు.

కరుణను పిలిచి, జరిగింది జరిగినట్టు రాసి పంపుతానని, కుట్టులో లోపం లేదని అందులో స్పష్టంగా ఉంటుందని చెప్పాను. నా వంతు పని అక్కడితో అయిపోయిందన్నట్టుగా చెప్పానేమో, ఆమె కుర్చీలో కూర్చుంది. అంతకు ముందు ఆమె నా ఎదుట ఎప్పుడూ కూర్చోలేదు.

"మీ మాట నిలబడుద్ది సార్. మా పని నిలబడుద్దా? కాగితం చదివినోళ్లకి చిల్లు కనపడుద్ది, కుట్టు కనపడదు. పదిమంది ముందు మాకు మంచి పేరు ఇచ్చి ఇంటికి పంపిస్తే ఆ పేరుతో ఏం చేసుకోవాలి?"

ఏం చెయ్యమంటావని అడిగాను.

"ఆ కంపెనీ మనిషిని రమ్మనండి. వచ్చి చూడమనండి."

కొనే కంపెనీకి బెంగళూరులో ఒక కార్యాలయం ఉంది. సాంకేతిక తనిఖీలు చూసే మాలతి అనే ఆవిడకు మా ఆర్డరు మీద అధికారం ఉంది. తనిఖీకి ఎప్పుడు రావాలో వాళ్లే నిర్ణయిస్తారు. అమ్మేవాళ్లు రమ్మని పిలవడం పద్ధతి కాదు. పిలిస్తే బతిమాలినట్టు ఉంటుంది. ఆ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను ఎవరినీ బతిమాలలేదు. కరుణ లేవలేదు. ఆమె ఎదుటే ఫోను చేసి, వాడక పరీక్ష చెడిందని, ఎందుకు చెడిందో ఉత్తరంలో రాస్తే అర్థం కాదని, దయచేసి ఒక్కసారి రమ్మని అడిగాను. దయచేసి అన్న మాట రెండుసార్లు వాడాల్సి వచ్చింది. మాలతిగారు మరుసటి వారం వస్తానన్నారు.

ఆవిడ వచ్చినప్పుడు కాళ్లకు తేలికపాటి చెప్పులు మాత్రమే ఉన్నాయి. మన వేసవికి తగ్గట్టే వచ్చారు. ఛాంబరు తలుపు దగ్గర బూట్ల వరస ఇంకా అలాగే ఉంది. మేమందరం విప్పడం చూసి ఆవిడా విప్పారు. లోపల నాలుగు అడుగులు వేసేసరికి ఒక కాలి మీద ఒక కాలు మార్చుకుంటూ నిలబడ్డారు, దానికి తోడు తుమ్ములు. కోటయ్య ఎక్కడి నుంచో ఒక జత సాక్సులు తెచ్చాడు.

"ఏసుకోండమ్మా. ఉతికినయ్యే."

అవి మూడో వారం సాక్సులు. శ్రీధర్ ఆపబోయాడు. ఆవిడ అప్పటికే తొడుక్కున్నారు. అంత చలిలో ఎవరూ చిల్లులు లెక్కపెట్టరు. అవే కాళ్లతో టిక్కీల మెట్ల మీద సగం దాకా ఎక్కి, వాళ్లు పనిచేసే తీరు చూశారు. దిగి వచ్చి కాసేపు అక్కడే నిలబడి కాలివేళ్లను ముడుచుకుంటూ, చాపుకుంటూ ఉండిపోయారు.

"గోనె గుచ్చుకుంటోంది. అడుగు పూర్తిగా పోయింది" అన్నారు ఇంగ్లీషు కలిసిన తెలుగులో. శ్రీధర్ నేల చూపులు చూశాడు. కరుణ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

మాలతిగారు మళ్లీ వేళ్లు ముడిచారు. "కుట్టు ఎక్కడుంది? నాకు తగలడం లేదే."

కరుణ ముందుకు వచ్చి, కింద మోకాళ్ల మీద కూర్చుని, సాక్సు మీద వేలితో ఒక గీత గీసి చూపించింది. "ఇక్కడమ్మా." ఆవిడ వంగి చేత్తో తడిమి చూశారు. దొరకలేదు. కరుణ ఆవిడ చూపుడువేలు పట్టుకుని దాని మీద పెట్టింది.

తర్వాత ఆ కంపెనీ నుంచి వచ్చిన ఆర్డరులో మూడు అంశాలున్నాయి. అడుగు భాగంలో నైలాన్ పెంచాలి. బూట్లతో వాడక పరీక్షను వాళ్లే కొండ ప్రాంతంలో జరుపుకుంటారు, కోల్డ్ స్టోరేజీలో ఇకపై జరపకూడదు. వేళ్ల దగ్గర చేతి లింకింగ్ ఇప్పుడున్నట్టే ఉండాలి, కంపెనీ అనుమతి లేకుండా యంత్రంతో మార్చకూడదు. మూడో అంశాన్ని కరుణ షెడ్డు గోడకు అతికించింది. నోటీసులు అతికించడానికి నా అనుమతి కావాలి. ఆమె అడగలేదు, నేను పీకించలేదు. నేను పదవీ విరమణ చేసేనాటికి ఆ విభాగంలో అంతకు ముందుకంటే ఎక్కువమంది పనిచేస్తున్నారు.

బూట్లు వెనక్కి తీసుకుపొమ్మని, సాక్సులు మాత్రం పంపుతూ ఉండమని కోటయ్య కబురు పెట్టాడు. పరీక్ష ముగిసిందని జవాబు పంపాను.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇది. మన్నిక ఒక్క నూలులోనే ఉండదు. ఆ కాలు దేని మీద నడుస్తుంది, దేని మీద చెప్పుతో నడవనంటుంది అన్నవి కూడా అందులో భాగాలే. రాపిడి యంత్రానికి ఇవేవీ తెలియవు, కాబట్టి పరీక్ష పెట్టేవాడు తెలుసుకోవాలి. ఆ తర్వాత నేను ఒప్పుకున్న ప్రతి వాడక పరీక్షకూ ఒక షరతు పెట్టాను. మొదటి రోజు నేను అక్కడ నిలబడి చూస్తాను.